వంటాముదంతో నడిచిన ఇంజను

మా పాలిటెక్నిక్‌లో చదివే పిల్లలు అప్పుడప్పుడూ మార్కాపురంలో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, కాసేపు మొహమాటపడి, చివరికి అందరూ ఒకటే అడుగుతారు: "సార్, మీరు ట్యూన్ చేసిన విమానాల ఇంజన్లలో అన్నిటికన్నా స్పీడుగా పోయింది ఏది?" వాళ్ళ చేతుల్లో బ్యాటరీ డ్రోన్లుంటాయి. మీట తోస్తే లేస్తాయి, మీట తోస్తే దిగుతాయి. పొగ లేదు, వాసన లేదు, చొక్కా మీద మరక లేదు. పిల్లల్ని నిరాశపెట్టడం ఎందుకని నేను ఏదో ఒక ఇంజను సంగతి చెప్పి పంపేస్తాను.

నాకు నిజంగా గుర్తొచ్చేది మాత్రం వేరే ఇంజను. అది స్పీడుగా పోయేలా చేసింది నేనే, మళ్ళీ పోకుండా చేసిందీ నేనే. రిటైరయ్యాక మధ్యాహ్నాలు పొడుగ్గా ఉంటాయి. అలా మంచం మీద ఒరిగి కళ్ళు మూసుకుంటే, ఆ ఇంజను దగ్గుకుంటూ నా చుట్టూ తిరుగుతుంది. అందుకే ఈ సంగతి రాస్తున్నాను.

నేను వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్‌ని. లేత్ మీద కడ్డీలు చెక్కించడం, ఆకురాయి పట్టడం నేర్పించడం, పిల్లల వేళ్ళు తెగకుండా చూసుకోవడం నా ఉద్యోగం. మా కాలేజీలో డ్రాయింగ్ చెప్పే మేడం ఒకావిడ ఉండేది. అందరం డ్రాయింగ్ మేడం అనే పిలిచేవాళ్ళం. ఆమెకి చిన్న విమానాలంటే పిచ్చి. తేలిక చెక్కతో ఎముకల్లాంటి రెక్కలు చేసి, పల్చటి కాగితం అంటించి, ఆరేదాకా ఎవర్నీ గదిలో గట్టిగా మాట్లాడనిచ్చేది కాదు. రెక్కలు ఆమెవి, ఇంజన్లు నావి. అలా మా ఇద్దరి పిచ్చి కలిసి కాలేజీలో ఒక చిన్న క్లబ్బు అయింది.

ఆ ఇంజన్లు అగ్గిపెట్టె మీద నిలబెట్టేంత ఉండేవి. నోరు తెరిస్తే మాత్రం ఊరి పలకల ఫ్యాక్టరీల్లో రంపాలు కూడా చిన్నబోయేవి. వాటిని ట్యూన్ చేయడం బ్రహ్మవిద్యేం కాదు. సిలిండర్ మూత కింద పల్చటి వాషర్లుంటాయి. ఒకటి తీస్తే లోపల ఒత్తిడి పెరిగి బలం వస్తుంది. ఇంధనం వచ్చే జెట్ గొట్టం బెజ్జం ఎంత ఉండాలో అంత ఉండాలి. ముందుండే ఫ్యాను చిన్నదైతే చుట్లు పెరుగుతాయి. మిగతాదంతా చెవి పని. ఇంధనం ఎంత పోవాలో చూసే సూది స్క్రూ కాస్త కాస్త బిగిస్తూ పోతే బొంగురు గొంతు సన్నబడుతుంది. ఒకచోట అది పాటలా నిలబడుతుంది. అక్కడ ఆపాలి. చిన్నప్పుడు మా నాయన బావి దగ్గర ఆయిల్ ఇంజను తిరుగుతుంటే, ఆ చప్పుడుకే నిద్రపోయి, అది ఆగితే మెలకువొచ్చి లేచేవాణ్ణి. నా చెవి అక్కడ తయారైంది.

ఇంధనం అంటే మిథనాల్ అనే స్పిరిట్టు, దాంట్లో ఆముదం. ఎంత వేడెక్కినా పిస్టన్‌ని వదలకుండా అంటుకుని కాపాడేది ఆముదమే. మేం వాడేది మిల్లులో తీసి వడపోసిన తెల్ల ఆముదం. ఇళ్ళల్లో గింజలు ఉడకబెట్టి తీసే వంటాముదం జోలికి పోము. అది చిక్కన, మడ్డి ఉంటుంది, చెమ్మ ఉంటుంది. ఇంజన్లు తెలిసినవాడెవడూ దాన్ని ముట్టుకోడు. ఆ రోజుల్లో నన్నడిగితే ఇంకా గట్టిగానే చెప్పేవాణ్ణి.

మా వర్క్‌షాప్ అటెండర్‌ది గిద్దలూరు అవతల నల్లమల వైపు ఒక పల్లె. ఒకరోజు పాలపొడి డబ్బా ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"సార్, ఇది మా అన్నది. ఎయిర్‌ఫోర్సులో మెకానిక్కుగా చేసి వచ్చినాడు. పోయిన ఏడు గుండెపోటుతో పోయినాడు. మా వదిన ఇది ఒక్కసారి తిరిగితే చూడాలంటుంది."

డబ్బాలో పాత గుడ్డలో చుట్టిన ఇంజను. ఫ్యాను తిప్పబోతే కదల్లేదు. లోపలంతా ముదురు బెల్లంపాకంలాంటి జిడ్డు. ముక్కు దగ్గర పెట్టుకోగానే నాకు తెలిసిపోయింది.

"ఇదేం పనయ్యా! దీంట్లో వంటాముదం పోసినారా ఎవరైనా? ఈ జిడ్డుకే బిగుసుకుపోయింది" అన్నాను.

అటెండర్ ఎప్పుడూ నాలుగు మాటలకి పది మాటలు కలిపే మనిషి, ఆ రోజు చీపురు తీసుకుని పక్క గదిలోకి పోయాడు. నేను పట్టించుకోలేదు.

సన్న వేడి మీద స్పిరిట్టులో నానబెడితే జిడ్డు కరిగి ఇంజను వదులైంది. విప్పి చూసి ఆశ్చర్యపోయాను. మూత కింద ఎవరో చేత్తో కత్తిరించిన వాషర్లు అదనంగా వేసి ఉన్నాయి. ఒత్తిడి తగ్గిపోతుంది, బలం పోతుంది. జెట్ బెజ్జం సూదిలాంటి సన్న ఆకురాయితో పెద్దది చేసి ఉంది. ఫ్యాను కంపెనీది కాదు, టేకుతో చెక్కింది, ఆ ఇంజనుకి మోయలేనంత పెద్దది. ఎయిర్‌ఫోర్సులో చేసిన మనిషి ఇంత మొద్దు పని చేశాడేంటా అనుకున్నాను. పోయినవాణ్ణి అనకూడదని నోటితో అనలేదు కానీ, మొహంలో కనపడే ఉంటుంది.

ఇక నాకు పూనకం వచ్చింది. అదనపు వాషర్లు తీసేశాను. లేత్ మీద కొత్త జెట్ గొట్టం చేశాను. గాలి దారి అద్దంలా నునుపు చేశాను. చిన్న ఫ్యాను బిగించాను. బల్ల మీద స్టార్ట్ చేస్తే కిటికీ అద్దాలు గలగలలాడాయి. డ్రాయింగ్ మేడం చెవులు మూసుకుని నవ్వుతూ, "సార్, మీరు దీన్ని రాకెట్ చేశారు" అంది. మళ్ళీ తనే, బల్ల మీద పడున్న పాత ముక్కలన్నీ ఏరి ఒక సీసా మూతలో పెట్టి, "ఆయన చేత్తో చేసినవి కదా, పారేయొద్దులెండి" అంది. నేను ఇంజను గొంతు వింటూ తల ఊపాను.

అటెండర్ ఊరినుంచి వాళ్ళన్న విమానం కూడా తెచ్చాడు. బాడీ బాగానే ఉంది, రెక్కలు ఎలుకలు కొట్టాయి. మేడం కొత్త రెక్కలు కట్టింది. అంతా సిద్ధమయ్యాక ఒక ఉదయం అటెండర్ వాళ్ళ వదినని కాలేజీకి తీసుకొచ్చాడు. నలభై దాటిన మనిషి, కూలి పనికి పోయే చేతులు, ఉతికిన నేతచీర, చేతిలో ప్లాస్టిక్ బుట్ట. బుట్టలో మాకోసం సీతాఫలాలు. గ్రౌండ్‌లో నేను ఇంజను స్టార్ట్ చేశాను. అది కెవ్వుమంది. సూది బిగించి నాకిష్టమైన సన్న గొంతు దగ్గర ఆపి, మెచ్చుకుంటుందని ఆమె వైపు చూశాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

ఇంజను ఆపాను. "బాగ అరుస్తుంది సార్" అంది మర్యాదగా. బుట్ట చేయి మార్చుకుని, "మా ఆయనది ఇట్ల అరవదు" అంది.

నాకు చురుక్కుమంది. ఇంత చేసింది ఈ మాట కోసమా అనిపించింది. డ్రాయింగ్ మేడం నయం, దగ్గరికి పోయి, "ఎట్ల ఉండేదమ్మా ఆ చప్పుడు?" అని అడిగింది.

"మెల్లగ మేడం. దగ్గుకుంటా, గునుసుకుంటా తిరిగేది. ఆదివారం ఆరాధన అయినాక మా ఊరి బీట్లో ఎగరేసేవాడు. రెండు తీగలు కట్టి ఈయన మధ్యలో నిలబడి తిరుగుతాడు, అది చుట్టూ తిరుగుతాది. బయట నిలబడితే తగుల్తాదని నన్ను ఆయన కాళ్ళకాడ కూర్చోబెట్టేవాడు. మా ఇద్దరి చుట్టూ పొగ. ఇంట్లో ఆముదం వండితే వచ్చే వాసనే. నాకు విమానం కన్నా ఆ వాసనే ఇష్టం."

ఆమె ముఖంలో ఒక వెలుగొచ్చి వెంటనే పోయింది.

"అదింక రాదులే మేడం. దాన్ని చంపింది నా ఆముదమే. సారు కూడా అదే అన్నాడంట కదా."

నేను అటెండర్ వైపు చూశాను. అతను నేల చూపులు చూస్తున్నాడు. అప్పుడు ఆమె మెల్లమెల్లగా చెప్పింది. ఆయనతో కలిసి పనిచేసిన స్నేహితుడొకాయన ఒకసారి ఊరికి వచ్చాడట. బీట్లో విమానం చూసి, "ఏందిరా, వంటాముదం పోసి నడుపుతావా? నీ భార్య నూనెతో ఈ ఇంజను చస్తుంది చూడు" అని నవ్వాడట. ఆయన కూడా నవ్వి ఊరుకున్నాడట. ఆ తర్వాత వానలు పట్టాయి, విమానం అటక ఎక్కింది. ఇంతలో ఆయనే పోయాడు. దినాలు అయ్యాక ఇంజను దించి చూస్తే బిగుసుకుని ఉంది. అప్పటినుంచి ఆమె ఇంట్లో ఆముదం వండలేదు. చేనిగట్టు మీద కాసిన గింజల్ని ఎవరికో ఇచ్చేస్తోంది.

"ఆయనకి ఉండింది అదొక్క సంబరం సార్. దాన్ని నేనే చెడగొట్టినా."

ఆమె బస్సెక్కి వెళ్ళిపోయాక నేను వర్క్‌షాప్‌లో కూర్చున్నాను. మధ్యాహ్నం. మిషన్లు ఆగి ఉన్నాయి. రేకుల కప్పు బెజ్జాల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతోంది, వాటిల్లో పలకపొడి తేలుతోంది. సీసా మూతలో ఉన్న పాత ముక్కల్ని బల్ల మీద ఒక్కొక్కటే పెట్టుకుని చూశాను. చాలాసేపు చూశాను.

వంటాముదం చిక్కన. మామూలు జెట్‌లోంచి దిగదు. కాబట్టి బెజ్జం పెద్దది చేశాడు. నూనె పాలు ఎక్కువ పోస్తే ఇంజను నింపాదిగా తిరుగుతుంది, వేడెక్కదు. నింపాదిగా తిరిగినా విమానం లేవాలంటే పెద్ద ఫ్యాను కావాలి. కాబట్టి టేకుతో చెక్కుకున్నాడు. పెద్ద ఫ్యాను బరువుకి ఇంజను మీద భారం పడి లోపల కొట్టుకుంటుంది. కాబట్టి వాషర్లు వేసి ఒత్తిడి తగ్గించాడు. ఒక్కటి కూడా మొద్దు పని కాదు. తెల్ల ఆముదం తెప్పించుకోవడం తెలియని మనిషి కాదు, జీవితమంతా విమానాల మధ్య పనిచేశాడు. భార్య ఇంట్లో వండే నూనెతోనే నడవాలని, ఆ నూనెకి తగ్గట్టు ఇంజను మొత్తాన్ని మలిచాడు. ఉద్యోగంలో ఎన్నో ఇంజన్లు విప్పాను కానీ, ఒక మనిషి ఇంకో మనిషి మీద పెట్టుకున్న ప్రేమని అలా వాషర్ల రూపంలో చూడటం అదే మొదలు.

మేడంతో చెప్పాను. "ఫోన్ చేసి ఆమెకి చెప్పేద్దామా?" అన్నాను.

"మాటతో నమ్మదు సార్. ఓదార్పుకి చెప్తున్నారనుకుంటుంది. వినిపించండి."

వినిపించాలంటే ఆమె వండిన నూనె కావాలి. అటెండర్‌ని పంపాను. ససేమిరా అందట. మళ్ళీ పంపాను. మూడోసారి నేనే ఫోన్‌లో మాట్లాడాను. "ముందు కొంచెం పంపమ్మా, ఇక్కడ పోసి చూసుకుని తర్వాత అక్కడికి తెస్తాను" అన్నాను. నా భయం నాకుంది. నా లెక్క తప్పయి, ఆ నూనెతో ఇంజను ఆమె కళ్ళ ముందే పట్టేస్తే? ఇక ఆ మనిషి గుండెలోంచి ఆ మాటని ఎవరూ తీయలేరు.

ఆమె ముందు అప్పుడు కూడా వద్దనే అంది. తర్వాత, "వండుతా సార్. కానీ నా ముందరే పోయండి. చచ్చినా నా ముందరే చావనీ" అంది.

పాత ముక్కలన్నీ ఉన్నవి ఉన్నట్టు బిగించాను. నేను చేసిన జెట్ గొట్టం చాలా అందంగా కుదిరింది. దాన్ని తీసి సొరుగులో పడేస్తుంటే ప్రాణం ఉసూరుమంది, ఆ మాట కూడా దాచను.

పొద్దున ప్యాసింజర్‌లో గిద్దలూరు బయల్దేరాం. మేడం రెక్కల్ని ఒళ్ళో పసిబిడ్డలా పడుకోబెట్టుకుంది. తర్లుపాడు, కంభం దాటాక నల్లమల నీలంగా వెంట నడవడం మొదలుపెట్టింది. కిటికీలోంచి వచ్చిన గాలికి కాగితం రెక్కలు సన్నగా మూలిగేవి. ఎదురు సీట్లో మేకలు అమ్మి వస్తున్న పెద్దాయన వాటినే చూస్తూ చూస్తూ నిద్రపోయాడు. నాకు కూడా అది ప్రయాణంలా లేదు, కలలో ఎక్కడికో పోతున్నట్టుంది. భయం ఒక్కటే మెలకువగా ఉంది.

మేం వెళ్ళేసరికి ఆమె పెరట్లో పొయ్యి ముందు కూర్చుని ఉంది. గింజలు వేయించి, దంచి, ఆ ముద్దని నీళ్ళలో ఉడకబెట్టింది. నూనె పైకి తేలుతుంటే గంటెతో నిదానంగా తేర్చి వేరే గిన్నెలో పోసి మళ్ళీ కాస్తోంది. చెమ్మ పోయేదాకా చిటపటమంటుంది. చిటపట ఆగిపోయాక దించింది. ఇన్నాళ్ళూ మానేసిన పని కదా, చేతులు మాత్రం దేన్నీ మర్చిపోలేదు. వాసన పెరడంతా నిండింది. పక్కింటివాళ్ళు తలలు బయటపెట్టి చూశారు.

నూనె చల్లారాక స్పిరిట్టులో కలిపి సీసాలో పోశాను. బీట్లో విమానాన్ని నిలబెట్టి, "నీ చేత్తో పోయమ్మా" అన్నాను.

ఆమె వెనక్కి జరిగింది. "నేను పోయను. మీరే పోయండి సార్."

నేనే పోశాను. ఫ్యాను తిప్పాను. దగ్గి ఆగిపోయింది. మళ్ళీ తిప్పాను. ఒక్క క్షణం తిరిగి మూలిగి ఆగింది. మళ్ళీ, మళ్ళీ. నా చొక్కా తడిసిపోయింది. ఆమె వైపు చూడ్డానికి ధైర్యం చాల్లేదు. జెట్ విప్పితే బెజ్జంలో మడ్డి.

"వదినా, అన్న దీన్ని వట్టిగ పోసేవాడా, వడబోసేవాడా?" అన్నాడు అటెండర్.

ఆమె నుదురు ముడేసి ఆలోచించింది. "నా పాత వాయిలు చీర చింపుకుని పోయేవాడు. ఎందుకని అడిగితే నూనె తుడుచుకోను అన్నాడు."

చెప్పడం ఆలస్యం, ఇంట్లోకి పరిగెత్తి ఒక చీరముక్క తెచ్చింది. మడతల మీద మడతలు వేసి వడబోశాం. మళ్ళీ ట్యాంకు నింపి ఫ్యాను తిప్పాను.

ఇంజను గొంతు సవరించుకుంది. తర్వాత నింపాదిగా, బొంగురుగా, ఒక్కో దగ్గూ లెక్కపెట్టుకుంటున్నట్టు తిరగడం మొదలుపెట్టింది. సూది బిగించబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అటెండర్ విమానాన్ని పట్టుకున్నాడు. నేను తీగల పిడి అందుకుని మధ్యలోకి నడిచాను. చూస్తే ఆమె నాకన్నా ముందే వచ్చి నేల మీద కూర్చుని ఉంది, మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని.

విమానం లేచింది. మా తలలంత ఎత్తులో, తొందరేం లేకుండా తిరుగుతోంది. నేనూ దానితో తిరుగుతున్నాను. తెల్లటి పొగ వెనకాలే సాగి, గాలి లేని ఆ పొద్దులో పోకుండా నిలిచి, మా చుట్టూ ఒక గీత గీసింది. మళ్ళీ దాని మీదే ఇంకొకటి. గడ్డి, కొండలు, దూరంగా నిలబడ్డ మేడం, అన్నీ ఆ పొగకి అవతల ఉండిపోయాయి. ఇవతల ఆముదం వాసన, ఆ దగ్గు, కళ్ళు మూసుకుని కూర్చున్న మనిషి. ఎక్కడున్నానో నాకు తెలియలేదు. ఎప్పుడూ చూడని ఒక మనిషి చోట్లో నిలబడి, అతని చెయ్యి తిప్పినట్టే చెయ్యి తిప్పుతున్నాను.

ఇంధనం అయిపోయి విమానం గడ్డిలో దిగింది. నేను దాన్ని తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"తిప్పి చూడమ్మా."

ఆమె చూపుడువేలితో భయంగా ఫ్యానుని తోసింది. అది మెత్తగా తిరిగింది. ఇంకొంచెం తోసింది. తిరిగింది.

"నూనె జిడ్డుకి బిగుసుకున్న మాట నిజమే. వాడకుండా పెడితే ఏ ఆముదమైనా అంతే. వేడి చేస్తే వదిలిపోయింది. కానీ లోపల ఒక్క చుక్క తుప్పు లేదమ్మా. ఇన్నాళ్ళూ దాన్ని కాపాడింది కూడా ఆ జిడ్డే" అన్నాను. తర్వాత వాషర్ల సంగతి, జెట్ సంగతి, టేకు ఫ్యాను సంగతి నాకు చేతనైనంత తేలిగ్గా చెప్పాను. "నీ నూనె ఇంజనుకి సరిపోకపోతే, ఆయన నూనె మార్చలేదు. ఇంజనునే మార్చుకున్నాడు."

ఆమె ఫ్యానుని అలా తోస్తూనే ఉంది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఒక్క మాట చెప్పలేదు చూడన్నా" అంది చివరికి. అంతవరకు నేను సారుని. "ఆ స్నేహితుడు నవ్వుతుంటే తనూ నవ్వినాడు గానీ, ఇట్ల చేసుకున్నానే అని ఒక్క మాట చెప్పినాడా! ఎంత మొండి మనిషి..." కోపమో నవ్వో తెలియని గొంతు. అటెండర్ పక్కకి తిరిగి మొహం తుడుచుకున్నాడు.

సీసాలో ఇంకా సగం ఉంది. ఇంకోసారి ఎగరేద్దామని ట్యాంకు మూత తీసి సీసా వంచబోయాను.

ఆమె నా చేతిలోంచి సీసా తీసుకుంది. ఒక్క చుక్క కింద పడకుండా తనే పోసింది.